పైకా, కిందికా?

పెళ్లై రెండు నెలలైనా నిండకుండా ఆస్పత్రిలో కాపురం పెట్టినా, ఆ కొత్త కోడలికి ప్రతిదీ సంబరమే. కిటికీలోంచి మంచం దాకా ఎండ వస్తే సంబరం. నర్సు అడక్కుండానే ఇంకో దిండు ఇస్తే సంబరం. మంచం కమ్మీ మీద మొగుడి చొక్కా, తన చున్నీ పక్కపక్కన ఆరుతుంటే మరీ సంబరం.

అతనికి వెన్నుపూసల మధ్య చీము పట్టి నరాలను నొక్కేసింది. ఆపరేషన్ చేసి తీసేశారు. జ్వరం తగ్గింది, కాళ్లలో బలం కొద్దికొద్దిగా వస్తోంది, స్పర్శ మాత్రం రాలేదు. మళ్లీ నడక నేర్పడానికి ఈ వార్డుకు మార్చారు.

"ఇది నా ఇంట అడుగుపెట్టింది, నా కొడుకు అడుగు ఆగిపోయింది," అని అత్తగారు చూడవచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది.

"అయితే నేనే నడిపిస్తాను లెండి అత్తయ్యా," అని కోడలు నవ్వేసేది.

నడిపించాలంటే ముందు ఒక పరీక్ష ఉంది. రోగి కళ్లు మూసుకోవాలి. ఫిజియో మేడమ్ అతని కాలి బొటనవేలు పట్టుకుని వంచుతుంది. పైకా, కిందికా చెప్పాలి. తన పాదం ఎటు తిరిగి ఉందో తెలియని మనిషి నిలబడితే కూలిపోతాడు. కిందటిసారి అతను ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు.

"ఒసేయ్ పిచ్చుకా," అన్నాడు భార్యతో, తల్లి బయటికెళ్లినప్పుడు. "ఈసారి తలగడ దగ్గర కూర్చుని నా చెయ్యి పట్టుకో. పైకైతే ఒక నొక్కు, కిందికైతే రెండు."

"తప్పు కదండీ?"

"అంత చదువు చదివావు, కాపీ అందించడం రాదా? కాళ్లు నావి. నేను ఇలాగే పడుండాలా?"

ఇద్దరికే తెలిసిన రహస్యం! ఆ ఊహకే ఆమె కరిగిపోయింది.

"పైకి," అన్నాడతను మర్నాడు పరీక్షలో కళ్లు మూసుకుని. "కిందికి. మళ్లీ కిందికే. మెల్లగా మేడమ్, వేలు ఊడొస్తుంది!"

"అబ్బో, భలే మార్పే!" అని మేడమ్ మురిసిపోయి, మోకాళ్లు వంగకుండా కట్టిన పట్టీలు విప్పించి, అతన్ని రెండు నడక కడ్డీల మధ్య నిలబెట్టింది.

కోడలు చప్పట్లు కొట్టింది. అతను తల్లి వైపు గర్వంగా చూస్తూ అడుగు వేశాడు. పాదం పక్కకు మడత పడింది. అది తెలియక ఒంటి బరువంతా దాని మీదే మోపాడు. కటుక్కుమంది.

"ఏం కాలేదమ్మా! నొప్పే లేదు!" నేల మీద పడి నవ్వుతున్నాడు. పాదం అడ్డంగా తిరిగిపోయి ఉంది.

మేడమ్ ముఖం పాలిపోయింది. "అస్సలు నొప్పి లేదా? మరి ఇందాక ఎలా చెప్పారు?"

అతను తన పాదం వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. భార్య వైపు వేలు చూపించాడు.

"అదే నా చెయ్యి నొక్కింది. తొందరంతా దానిదే. నేను అడిగానా?"

"ఏవండీ..."

"నోరుముయ్యి! నా బిడ్డ కాళ్లు మింగేశావు కదే!" అంది అత్తగారు.

ఎముక అతికేదాకా నిలబెట్టే మాటే లేదనీ, ఈలోగా వచ్చిన బలం పోతే మళ్లీ ఎంత వస్తుందో చెప్పలేననీ మేడమ్ అంది. కట్టు కట్టేవాడు పాదం పట్టుకోమన్నాడు. అత్తగారు కొంగుతో ముఖం కప్పుకుని అటు తిరిగింది. కోడలే పట్టుకుంది.

కట్టు కట్టేవాడు కాలు లాగాడు. విరిగిన ఎముక ఆమె అరచేతిలో కరకరలాడింది.

"మొదలుపెట్టారా?" అని భర్త తల్లిని అడుగుతున్నాడు.