నిప్పు లేని ఇల్లు

ఉలిగమ్మ పొయ్యిలో చెంబెడు నీళ్లు కుమ్మరించేసరికి ఆమె అత్త హనుమంతమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"అయ్యో, నిప్పు ఆర్పేస్తివి కదే! రేపు సంగటి యాట్ల కెలుకుతావు? అగ్గిపెట్టె నీ పుట్టింటోళ్లు పంపిస్తారా?"

ముసలమ్మ గోలలో న్యాయం లేకపోలేదు. అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు కోసం పెనుకొండకు పోయినవాడు ఉత్త సీసాతోనే తిరిగొచ్చేవాడు. అగ్గిపెట్టె కావాలంటే హిందూపురం సంతదాకా పోవాలి, పోయినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని ఆ ఊళ్లో ఏ ఇల్లాలూ పొయ్యి ఆరనిచ్చేది కాదు. రాత్రి పిడక మీద బూడిద కప్పి, పొద్దున్నే ఊది లేపుకోవడమే. ఆ విషయంలో పన్నెండేళ్లుగా ఉలిగమ్మ మీద మాట పడలేదు. ఈరోజు తన చేత్తో తానే ఆర్పింది.

"రెడ్డి చెప్పి పంపినాడత్తా. ఏ ఇంట్లో గూడ నిప్పు ఉండగూడదంట. ఈ గాలికి ఒక్క రవ్వ ఎగిరినా ఊరంతా పోతాదంట" అంది ఉలిగమ్మ.

"పొయ్యిలో నిప్పుకు బయపడతాడంట! కొండ మీద ఉండేదేందంటనో?"

కొండ మీద ఉన్నదాన్ని చూడాలంటేనే భయంగా ఉంది. ఆ ఇరవై ఇళ్ల ఊరు కొండ కాళ్ల దగ్గర ఉంది. అన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలే. ఏటా ఎండాకాలం గొర్రెలోళ్లు కొండమీద గడ్డికి నిప్పు పెడతారు. మొదటి వానకు లేత గడ్డి లేస్తుందని వాళ్ల ఆశ. కొండ మీద ఎర్రటి గీత కనబడితే పిల్లలు సంబరపడేవాళ్లే తప్ప పెద్దవాళ్లు తలెత్తి చూసేవాళ్లు కాదు. ఈసారి గాలి ఎదురు తిరిగి మంటను ఊరి మీదికి తోసింది. పొద్దున కొండ నడుమున ఉన్నది మధ్యాహ్నానికి మోకాళ్లదాకా దిగింది. పారిపోదామంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూడు పక్కలా కొండ, నాలుగో పక్క ఎండిన గడ్డి బీడు. దారి ఆ బీడులోనుంచే. మనుషులు బీడు నడిమికి పోయేసరికి మంట కూడా అక్కడికే వస్తే ఒక్కరు మిగలరు. ఉన్నచోటనే కాచుకోవాలని ఊరిపెద్ద రెడ్డి తేల్చేశాడు.

ఊళ్లో మగవాళ్లంతా కొడవళ్లు పట్టుకొని ఊరిచుట్టూ కంప కొట్టడానికి పోయారు. ఉలిగమ్మ మరిది ఎర్రప్ప వాళ్లతోనే ఉన్నాడు. మొగుడు ఓబుళప్ప మాత్రం ఇంటి దగ్గర ఆగాడు. వాళ్లది కొండవైపు కొసన ఉన్న ఇల్లు. మంట దిగితే ముందు అంటుకునేది అదే.

పొద్దుటినుంచీ ఇద్దరూ కూర్చోలేదు. ఓబుళప్ప పైకెక్కి కప్పు గడ్డిని పీకి కిందికి తోశాడు. తాను నాలుగేళ్ల కింద మోపు మోపుగా మోసుకొచ్చి కప్పిన గడ్డి అది. ఉలిగమ్మ దాన్ని దూరంగా ఈడ్చి పడేసింది. గడ్డివామి కూలదోసి, అందినంత మేత వంకలోకి మోసింది. ఎద్దుల పలుపులు కోసి వదిలేసింది. ఉన్న కుండలన్నిటా నీళ్లు నింపింది, కంబళ్లు తడిపింది, వాసాలకు తడి పేడ మెత్తింది. చేతులు పగిలి పేడ మంట పెట్టింది.

"ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టుండాది మీ పని" అంది అరుగు మీదినుంచి హనుమంతమ్మ. కాళ్లు పడిపోయి మూడేళ్లయింది గానీ నోటికి ఏ జబ్బూ రాలేదు.

ఇంతలో బూడిద రాలడం మొదలైంది. తర్వాత నిప్పురవ్వలు. ఒకటి పెద్దకూతురు యల్లక్క పరికిణీ మీద పడింది. యల్లక్కకు ఏడేళ్లు. అది కేక పెట్టేలోపల ఉలిగమ్మ అరచేత్తో నలిపేసింది. చంకలో రెండేళ్ల చిన్నది అప్పటికే పొగకు దగ్గి దగ్గి నల్లబడింది. ఇల్లు పోతే పోనీ. ఈ ఇద్దర్నీ ఎక్కడ దాచాలి? ఉలిగమ్మ తలలో ఇంక వేరే ఆలోచన లేదు.

అప్పుడు ఆమె కన్ను పాతర మీద పడింది.

ఆ సీమలో జొన్నలు దాచేది పాతరలోనే. వాకిట్లో రెండు నిలువుల లోతు తవ్వి, లోపల పొట్టలాగా వెడల్పు చేసి, పైన ఒక్క మనిషి పట్టేంత మూతి వదులుతారు. గింజలు పోసి మూతి మీద బండ పరచి మన్ను మెత్తుతారు. వీళ్ల పాతరలో సగానికి గింజలున్నాయి. సంక్రాంతి ముందు మూసింది, మళ్లీ తెరవలేదు.

"మంట నేల మీద పోతాది గానీ నేల కింద పోదు గదా. పిల్లోళ్లను పాతరలో దించుదాం. పైన బండ వేసి తడి కంబళి కప్పుదాం. మంట దాటిపోయినంక తీసుకుందాం" అంది ఉలిగమ్మ.

ఓబుళప్ప ఒక్క క్షణం ఆలోచించి, "మంచి మాట చెప్తివి" అన్నాడు.

"దించండి నాయనా, తొందరగా దించండి!" అంది హనుమంతమ్మ కొండవైపు చూస్తూనే. ఇరవై నాలుగు గంటలూ కోడలికి అడ్డం చెప్పే మనిషి ఆ మాటకు మాత్రం అడ్డం చెప్పలేదు.

ఓబుళప్ప గడ్డపారతో మన్ను పగలగొట్టి బండ జరిపాడు. ముక్కిన జొన్నల వాసన గుప్పున కొట్టింది. మామూలుగా అయితే పాతర తెరిచి ఒకరోజు అట్లా వదిలేస్తారు. ఆపైన తాడుకు దీపం కట్టి దించుతారు. దీపం నిలిస్తే మనిషి దిగొచ్చు. ఆరిందంటే లోపలి చెడ్డ ఆవిరి ఇంకా పోలేదని అర్థం.

"దీపం?" అన్నాడు ఓబుళప్ప.

"దీపం యాడిది? అంతా ఆర్పితిమి గదా."

ఇద్దరూ కొండవైపు చూశారు. అక్కడ అంత మంట ఉంది, ఇంట్లో ఒత్తి వెలిగించుకునేంత నిప్పు లేదు.

"పోనీలే. నేను దిగి గింజలు సర్ది పిలుస్తా. ఒక్కొక్కర్ని అందియ్యి" అని ఓబుళప్ప మోకు కొసను నాటిన గుంజకు కట్టి, పాతరలోకి జారాడు. ఉలిగమ్మ చిన్నదాన్ని కింద దించి, యల్లక్కను మూతి అంచున కూర్చోబెట్టింది. పిల్ల కాళ్లు రెండూ పాతరలోకి వేలాడుతున్నాయి. చంకల కింద పంచె కట్టి, ముడి బిగించి, "నాయన పిలుస్తానే దూకాల, బయపడగూడదు" అని చెప్పింది.

"ఉలిగీ, చిన్న..." అని లోపలినుంచి వినబడింది.

మూట పడిన చప్పుడైంది. ఇంక ఏమీ వినబడలేదు.

"ఏమైందయ్యా? జారితివా?"

ఉలిగమ్మ వంగి చూసింది. ఓబుళప్ప జొన్నల మీద బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి గింజలను రెండుసార్లు గోకింది. మూడోసారి గోకలేదు. జారి తలకు దెబ్బ తగిలిందేమో అనుకుంది ఆమె. యల్లక్కను అవతలికి లాగి, కొంగు నడుముకు చుట్టి మోకు పట్టుకుంది.

అంతలో అరుగు మీదినుంచి ఏదో దబ్బున పడింది. మూడేళ్లుగా ఇంకొకరు ఎత్తితే తప్ప కదలని హనుమంతమ్మ మోచేతుల మీద దేకుతూ వచ్చి, పాతర మూతి మీద అడ్డంగా పడుకుంది.

"దిగొద్దు!"

"లే అత్తా! నీ కొడుకే లోపల పడిండేది!"

"నా కొడుకని నాకు తెలీదా! దిగొద్దు! దిగితే నువ్వూ పోతావు!"

ఉలిగమ్మకు మతి పోయింది. ఏ తల్లయినా ఇట్లా చేస్తుందా? ముసలమ్మను జుట్టు పట్టి ఈడ్చింది. కదల్లేదు. బండను కరుచుకున్న చెయ్యిని కొరికింది. నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది. అయినా ఆ చెయ్యి వదల్లేదు.

అప్పుడే ఎర్రప్ప పరిగెత్తుకొచ్చాడు. "వదినా, గాలి తిరిగె! మంట కోన పక్కకు పాయ!" అని అరుస్తూ వచ్చినవాడు వాకిట్లో జరుగుతున్నది చూసి నిలబడిపోయాడు. సంగతి తెలిసి తానూ మూతి దగ్గరికి దూకాడు.

"నన్ను సంపి దిగురా ఎర్రప్పా! పాతరలో ఒకని కోసం ఒకడు దిగి వరసగా పోతారు. నేను కండ్లారా చూసినా! పచ్చికొమ్మలు కొట్టుకొని రా. తాడుకు కట్టి లోపల పైకీ కిందికీ ఆడించు. నీళ్లు కుమ్మరించు. ఆ గాలి బయటికి రావల్ల!" అంది హనుమంతమ్మ.

వేపకొమ్మలు కట్టి ఎర్రప్ప గుండెలు పగిలేలా ఆడించాడు. ఇల్లు తడపడానికి నింపిన కుండలన్నీ ఉలిగమ్మ పాతరలో గుమ్మరించింది. చాలాసేపటికి ముసలమ్మ పక్కకు జరిగింది. ఎర్రప్ప నడుముకు మోకు కట్టుకొని, ముక్కుకు తడిగుడ్డ చుట్టుకొని దిగాడు. పరిగెత్తుకొచ్చిన నలుగురు కలిసి ఓబుళప్పను పైకి లాగారు. ఒంటి మీద చిన్న గాయం లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి, మీసాల్లో జొన్నగింజలు ఇరుక్కున్నాయి. ఊపిరి లేదు.

మంట కోనలోకి పోయి రాళ్ల దగ్గర ఆగిపోయింది. ఊళ్లో ఒక్క కొట్టం అంటుకోలేదు. ఒక్క కోడిపిల్ల కూడా చావలేదు.

ఉలిగమ్మకు ఏడుపు రాలేదు. ఏది ఎట్లా జరిగిందో తలకెక్కడం లేదు. పొద్దుటినుంచీ మంటకు కదా కాచుకున్నది? మంట వాళ్ల వాకిలి తొక్కనే లేదు కదా? మరి ఈ మనిషి ఎందుకు పడుకున్నాడు?

పొద్దు వాలుతుంటే జనం వచ్చి కూర్చున్నారు. అందరి నోటా ముసలమ్మ మాటే. "ఎంత గట్టి గుండెమ్మా! నువ్వు అడ్డం పడకుంటే కోడలూ పాయ, ఎర్రప్పా పాయ. కొడుకు పోతాన్నా ఇంటిని నిలబెడితివి" అంటూ ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తి మొక్కారు. జనం కాటి పనులకని లేచిపోయాక హనుమంతమ్మ కోడల్ని దగ్గరికి పిలిచింది.

"ఉలిగీ, నాకు తెలుసే."

"ఏంది తెలిసేది?"

"పాతర సంగతి. మా పుట్టింట్లో ముగ్గురు పోయిరి, ఒకరి ఎనక ఒకరు. అప్పుడు నేను యల్లక్కంత ఉంటి. నువ్వు పిల్లోళ్లను దించుదామంటానే వద్దని చెప్పాల్సిండె. నేనేమంటి? తొందరగా దించండంటి. కొండనే చూస్తాంటినే. నా కండ్లకి మంట తప్ప ఇంకేం కనబడలే. వాని గొంతు ఆగిపోయినంకనే నాకు గుర్తొచ్చె."

ముసలమ్మ గొంతు పిసికేయాలనిపించింది ఉలిగమ్మకు. నిజంగానే చేతులు లేచాయి. మరి పొయ్యి ఆర్పింది ఎవరు? పిల్లల్ని దించుదామన్నది ఎవరు? అంచు మీద యల్లక్కను కూర్చోబెట్టి దూకమని చెప్పింది ఎవరు? ఆ మనిషి తానే ముందు దిగుతాననకుండా, పిల్లలను ముందు దించమని ఉంటే? అక్కడితో ఆమె ఆలోచన ఆగిపోయింది.

యల్లక్క వచ్చి అవ్వ ఒళ్లో తల పెట్టుకొని పడుకుంది. ఉలిగమ్మ పిల్లను లాక్కోబోయి, ఆగి, అక్కడే ముసలమ్మ పక్కన కూలబడింది.

"ఆ మాట ఇంకెవురి దగ్గరా అనద్దత్తా, ఎర్రప్పతో గూడ అనద్దు" అంది. "పిల్లోళ్లను దించుదామన్నది నేనేనని నేనూ ఎవురితోనూ అనను."