కుడిచేతి నొప్పి

భార్య బాధపడకూడదని భర్త ఆడిన అబద్ధం అల్లా దగ్గర పాపమేనా? ఈ సందేహం నాలో చాలా ఏళ్లుగా ఉంది. మసీదులో హజ్రత్‌ను అడగవచ్చు. కానీ అడగాలంటే మా ఆయన సంగతి చెప్పాలి. అందుకే అడగలేదు.

మా ఆయన అబ్దుల్ జబ్బార్ సత్తెనపల్లిలో బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఒక ఉదయం షాపులోనే పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నెలలు గడిచేసరికి మాట తేరుకుంది, కాలు కొంచెం కూడదీసుకుంది. చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టిన చోటే ఉండేది. ఎడమచేత్తో అన్నం తినడానికి ఆయనకు మనసొప్పలేదు. నేనే కలిపి పెట్టేదాన్ని. ముద్ద ముద్దకీ తల దించుకునేవాడు.

నరసరావుపేటలో ఇందిరమ్మ గారని ఆక్యుపంక్చర్ చేస్తారంటే బస్సులో తీసుకెళ్లాను.

"కొందరికి గుణం కనిపిస్తుంది, కొందరికి కనిపించదు. నేను మాటివ్వలేను. మందులు, వ్యాయామం మాత్రం ఆపొద్దు," అని ఆవిడ ముందే చెప్పారు.

వెంట్రుకల్లాంటి ఆ సూదులు చూసి మా ఆయన నవ్వాడు. "ఇది టెస్టరే హలీమా. కరెంటు వస్తందో లేదో పెట్టి చూస్తారు."

"కాసేపు ఊరుకోవయ్యా. నీ మోటార్లే నయం, వాటికి నోరుండదు," అన్నాను.

సూది చూడలేక ఆయన కళ్లు మూసుకునేవాడు. కొన్ని వారాలు ఏమీ తెలియలేదు. ఒకరోజు సూది దిగగానే "అబ్బా!" అన్నాడు. నేను అక్కడే ఏడ్చేశాను. ఇంటికొచ్చి అల్లాకు కృతజ్ఞతగా షుక్రానా నమాజు చదివి, వీధిలో అందరికీ సేమియా పంచాను. ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా ఆయన అరిచేవాడు, నేను మురిసిపోయేదాన్ని. చెయ్యి కదల్లేదు.

ఒకసారి ఇందిరమ్మ గారు కొత్త సూది పొట్లం చించారు. కాగితం చిరిగిన చప్పుడుకే ఆయన, "చంపేశారు గదమ్మా!" అని అరిచాడు. సూది ఇంకా ఆవిడ వేళ్ల మధ్యే ఉంది.

ఆవిడ నా వైపు చూశారు. ఏమీ అనొద్దన్నట్టు తల ఊపాను. ఆవిడ కళ్లు దించుకుని సూది గుచ్చారు. నిజంగా గుచ్చినప్పుడు ఆయన ఉలకలేదు.

తిరుగు బస్సులో, "ఇయ్యాల చానా నొప్పి పుట్టిందే. వస్తదిలే చెయ్యి," అన్నాడు.

అవునని అనబోయి, అనలేక కిటికీ వైపు తిరిగాను. ఆయనకు అర్థమైపోయింది. మళ్లీ నరసరావుపేట పోదామని ఎప్పుడూ అనలేదు.

మొన్న చలికాలంలో పక్షవాతం రెండోసారి వచ్చింది. ఆస్పత్రిలో ఇంటికి తీసుకెళ్లమన్నారు. మంచం పక్కన కూర్చుని ఆ కుడిచేతిని నా చేతిలోకి తీసుకున్నాను. వేళ్లు తడిగుడ్డలా వేలాడాయి. చెయ్యి ఎత్తిన సంగతి భుజానికి తెలిసిందేమో, కళ్లు తెరవకుండానే అడిగాడు.

"ఏమే, పట్టుకున్నానా?"

బస్సులో ఆయనకు బాకీపడిన మాట అప్పుడు తీర్చాను.

"మెల్లగా పట్టుకోవయ్యా, గాజులు నొక్కుకుంటన్నయ్."