డాక్టర్ దామోదర్ గారి పెద్దపేగు

"అన్నం దగ్గర పేగుల మాట ఎత్తకు వసూ" అన్నాడు దామోదర్, గోంగూర పచ్చట్లో నూనె పోసుకుంటూ.

నేను పేగు అనలేదు. "ఇవాళ లాబ్‌లో ఒక మంచి సంగతి జరిగింది" అన్నానంతే. పెళ్లయిన ఎనిమిదేళ్లకి మా ఆయనకి అంత ముందుచూపు వచ్చింది. నా నోట్లోంచి లాబ్ అన్న మాట బయటికొస్తే దాని తోక పట్టుకుని పేగు వస్తుందని ఆయనకి తెలుసు. ఆయన ఆఫీసులో తయారయ్యే సర్క్యూట్ బోర్డు గురించి మాత్రం పప్పు దగ్గర మొదలుపెట్టి మజ్జిగ దాకా చెప్పొచ్చు. సర్క్యూట్ బోర్డు శుభ్రమైన వస్తువు. దానికి విరేచనాలు పట్టుకోవు.

ఆయన వినలేదు కాబట్టి ఆ మంచి సంగతి మీకు చెబుతాను. ఎలుకల పెద్దపేగులో వాపు తెప్పించి, అది ఎక్కడ పుట్టి ఎటు పాకుతుందో చూడడం నా పని. పుండు పడ్డ చోటుని అందరూ చూస్తారు. నేను పుండుకి దూరంగా, గులాబీ రంగులో నిగనిగలాడుతూ ఆరోగ్యంగా ఉన్న చోట కోసి మైక్రోస్కోపు కింద పెట్టాను. అక్కడా లోపల వాపు మొదలైపోయి ఉంది, పుండు పడడానికి చాలా ముందే. పైకి బాగున్న చోటు బాగున్నట్టు కాదన్నమాట. ఇది కనిపెట్టడానికి నాకు మూడేళ్లూ, ఒక చిన్న ఊరి జనాభా అంత ఎలుకలూ పట్టాయి. అద్దంలో చూసుకుని ఉంటే పది నిమిషాల్లో తెలిసేది.

మా అత్తగారు మమ్మల్ని చూడ్డానికి నార్త్ కరొలైనా వచ్చినప్పుడు నా ఉద్యోగం ఏమిటో ఆవిడకి చెప్పక తప్పలేదు. "ఎలుక పేగులు పిసికిన చేతుల్తో మా అబ్బాయికి అన్నం పెడుతున్నావా?" అన్నారు. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక నన్ను వంటింట్లోకి రానివ్వరేమో అనుకున్నాను. అంత అదృష్టమా! "రాగానే తలారా స్నానం చేసి అప్పుడు పొయ్యి ముట్టుకో" అన్నారు. వంట అలాగే ఉంది, దాని ముందు తలస్నానం వచ్చి చేరింది. ఆర్నెల్ల తర్వాత ఆవిడ వెళ్లిపోయారు. తడిజుట్టు మాత్రం నాకుండిపోయింది, దామోదర్‌కి అలవాటైపోయింది కనుక.

పేరు సంగతి కూడా చెప్పాలి. ఇండియాలో మా ఆయన పి. దామోదర్. ఆ 'పి'లో ఇంటిపేరు ఉంది. అమెరికా వాళ్లు చివరున్నదే ఇంటిపేరు అనుకుంటారు కనుక ఇక్కడ దిగగానే ఆయన మిస్టర్ దామోదర్ అయ్యాడు. ఇంటిపేరు ఇనిషియల్లో ముడుచుకుని అక్కడే ఉండిపోయింది. తర్వాత నా కాగితాలన్నీ ఆయనే నింపాడు, పెళ్లాం ఇంటిపేరు దగ్గర దామోదర్ అని రాశాడు. అలా నేను ముదిగొండ వసుమతిగా విమానం ఎక్కి వి. దామోదర్‌గా దిగాను. విమానంలో సూట్‌కేసులు పోతాయని విన్నాను గానీ ఇలాంటివి కూడా పోతాయని ఎవరూ చెప్పలేదు.

నేను రాసిన మూడు పేపర్లు ఆ పేరు మీదే అచ్చయ్యాయి. ఆ రోజుల్లో పేపర్ నచ్చితే కాపీ పంపమని కార్డు రాసేవారు. పోలండ్ నుంచి, బ్రెజిల్ నుంచి కార్డులు వచ్చేవి. 'డాక్టర్ దామోదర్ గారికి, అయ్యా' అని మొదలయ్యేవి. ఒక కార్డు ఇంటికి తీసుకెళ్తే దామోదర్ కడుపుబ్బ నవ్వి, దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, వచ్చిన వాళ్లందరికీ చూపించాడు. అప్పటికి మేముండే క్యారీలో తెలుగువాళ్లు ఒక వ్యాన్‌లో పట్టేటంత మందే. వారానికి ఒకరింట్లో కలిసేవాళ్లం. రాధారాణి గారు ఆ కార్డు చదివారు. తర్వాతి వారం నేను వాళ్ల వంటింట్లో గారెలు వేయిస్తుంటే హాల్లోంచి వినపడింది.

"దామోదర్ గారూ, శనగపిండి తింటే ఇదిగో ఇక్కడ పట్టేస్తోందండీ."

"మా ఆవిణ్ని అడగండి" అని నవ్వాడు దామోదర్.

"తను గారెలు చేస్తోందిగా పాపం. మీరే చెప్పండి."

"రాత్రిళ్లు మానేసి చూడండి" అన్నాడు. ఆవిడ మానేసింది. తగ్గిపోయింది. నెల తిరిగేసరికి మా ఆయన హస్తవాసి పక్కనున్న రాలీ ఊరి దాకా పాకింది. స్టెతస్కోపు ఒక్కటే తక్కువ.

లాబ్‌లో నా బాస్ డాక్టర్ వెబర్. అక్కడ కాఫీ నేను పెట్టేదాన్ని. చేరిన రోజు ఎవరూ పెట్టకపోతే పెట్టాను. అమెరికాలో ఆడది మొదటి రోజు చేసిన పనిని రాజ్యాంగంలో రాసేస్తారని అప్పుడు తెలీదు. ఎనభై రెండు ఫిబ్రవరిలో ఆయన నన్ను పిలిచి, గ్రాంటు తగ్గింది, జూన్ తర్వాత ఒక్కరినే ఉంచుకోగలను అన్నాడు. ఉంచుకునేది నా తర్వాత లాబ్‌లో చేరిన టామ్‌ని. టామ్‌కి ఎలుకను కరవకుండా పట్టుకోవడం నేర్పింది నేనే. "టామ్‌కి పెళ్లాం బిడ్డలున్నారు" అన్నాడు వెబర్ జాలిగా, "నీకైతే భర్త ఉన్నాడు." ఆ రెండు వాక్యాలూ ఆయనకి వేరువేరు జబ్బుల్లా కనిపించాయి. నేను తల ఊపి వెళ్లి కాఫీ కలిపాను.

అదే నెలలో నా కొత్త పేపర్ని మే నెలలో చికాగోలో జరిగే పెద్ద సభలో చదవడానికి ఎంచుకున్నారు. ఆ సభకి గ్రీర్ అనే పెద్ద ప్రొఫెసర్ వస్తున్నాడని, మిన్నెసోటాలో ఆయన లాబ్‌లో పేగు వాపు తెలిసిన మనిషి కోసం వెతుకుతున్నాడని విన్నాను. నా టాక్ అయ్యాక ఆయన దగ్గరికి వెళ్లి ఉద్యోగం అడగాలనుకున్నాను. ఆ అడిగే మూడు వాక్యాల్ని వంకాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, తడిజుట్టు ఆరబెట్టుకుంటూ ఎన్నిసార్లు చెప్పుకున్నానంటే, నిద్రలో కూడా ఇంగ్లీషులోనే బతిమాలానట. దామోదర్ చెప్పాడు. జూన్ దాటితే నాకు ఇంకో దారి లేదు. మా ఊళ్లో ఎలుకల్ని ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు.

"చికాగో మనం చూళ్లేదుగా, నేనూ వస్తా" అన్నాడు దామోదర్. కార్లో బయల్దేరాం. నా స్లైడ్లు ఒళ్లో పెట్టుకున్నాను, రైస్ కుక్కర్ వెనక సీట్లో పెట్టాను. హోటల్లో బ్రెడ్డూ బంగాళాదుంపా తింటే మా ఆయనకి తిన్నట్టుండదు.

మేం చేరేసరికి సాయంత్రం అయింది. కింద కౌంటర్లో రెండు బ్యాడ్జీలు ఇచ్చారు. ఒకటి డాక్టర్ వి. దామోదర్. రెండోది మిసెస్ దామోదర్, భార్యల కోసం పెట్టిన చాక్లెట్ ఫ్యాక్టరీ యాత్రకి. మొదటిది నేను పెట్టుకున్నాను. గదిలోకి రాగానే దామోదర్ "ఆకలేస్తోందే" అన్నాడు. నేను బాత్‌రూమ్‌లో ప్లగ్గు వెతుక్కుని కుక్కర్ పెట్టాను. ఆయన కాసేపు కిటికీలోంచి చికాగోని చూసి, అయిపోయాక ఇటు తిరిగాడు.

"కింద ఏదో రిసెప్షన్ ఉందట. నువ్వు అన్నం వండేలోపు ఒక కోక్ తాగి వస్తా. బ్యాడ్జి ఉంటేగానీ లోపలికి రానివ్వరట."

"నేనూ రావాలండీ."

"రా, ఎవరొద్దన్నారు? అన్నం కాగానే రా."

బ్యాడ్జి తీసి ఇచ్చాను. నేనే ఇచ్చాను, ఎవరూ లాక్కోలేదు. పోపు పెట్టబోతే పొగకి అలారం మోగింది. కింది నుంచి మనిషి వచ్చాడు. అతనికి క్షమాపణ చెప్పి, తువ్వాలుతో పొగ విసిరి, మాడిన అడుగు గీకేసరికి రిసెప్షన్ అయిపోయింది. దామోదర్ తిరిగొచ్చి, "ఇంత మాడబెట్టావేంటే" అంటూనే రెండుసార్లు పెట్టించుకున్నాడు.

పొద్దున బ్యాడ్జి పెట్టుకుని స్టేజి ఎక్కాను. అధ్యక్షుడు నన్నూ చేతిలోని కాగితాన్నీ మార్చి మార్చి చూసి, మైకులో చెప్పాడు: "డాక్టర్ దామోదర్ గారి పేపర్ని ఇప్పుడు ఆయన శ్రీమతి మనకు చదివి వినిపిస్తారు."

"నేనే డాక్టర్ దామోదర్‌ని" అన్నాను.

హాలంతా నవ్వింది. అంత మంచి జోక్ ఆ సభలో అంతకుముందు పడలేదు. నవ్వు ఆగాక నా స్లైడ్లు చూపించాను. పుండు చూపించాను, పుండు లేని చోటు కూడా చూపించాను. చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే పొడుగ్గా, తెల్లజుట్టుతో ఉన్నాయన ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయనే గ్రీర్.

"చాలా చక్కగా చదివావమ్మా. మీ వారి పని అంటే నాకు ఎంతో గౌరవం. రాత్రి ఆయన నా ఉద్యోగం వద్దన్నారు, అదే నా బాధ."

వంకాయల దగ్గర నేర్చుకున్న మూడు వాక్యాల్లో ఒక్కటీ దీనికి పనికిరాదు. "ఏమని వద్దన్నారు?" అన్నాను.

"క్యారీలో ఇల్లు కొన్నారట కదా. మంచు పడదట కదా."

చెప్పాను. ఎలుకలు నావి, కోత నాది, పేరులో 'వి' నేను, రాత్రి మీరు మాట్లాడింది సర్క్యూట్ బోర్డుల ఇంజనీరుతో అని చెప్పాను. గ్రీర్ మొహం నా స్లైడ్లలో పుండు రంగుకి వచ్చింది. నిజంగా సిగ్గుపడ్డాడు, మంచివాడే. "అయ్యో. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఇంకొకాయనకి మాటిచ్చేశాను" అన్నాడు. నన్ను ఓదార్చడానికి కాబోలు, "అయినా నువ్వయితే వచ్చేదానివా? మీ వారు అంత స్థిరపడ్డాక?" అన్నాడు. వచ్చేదాన్ని అన్నాను. ఆయన నమ్మలేదు. నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

గదికి వెళ్లేసరికి దామోదర్ మంచమ్మీద పడుకుని టీవీ చూస్తున్నాడు.

"రాత్రి గ్రీర్ మీతో ఉద్యోగం సంగతి మాట్లాడాడట."

"ఎవరూ, ఆ పొడుగాయనా? అవునే, అన్నం మాడిన గొడవలో పడి నీతో చెప్పడమే మర్చిపోయా. మర్యాదగానే వద్దన్నాలే."

"ఆయన అడిగింది నన్ను."

"నిన్నెక్కడడిగాడు? నా చెయ్యి ఊపుతూ నన్నే అడిగాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పేగంటాడు, వాపంటాడు, నేను యస్ యస్ అంటూ కూచున్నా."

"'డాక్టర్ నేను కాదు, మా ఆవిడ' అనాల్సింది."

దామోదర్ లేచి కూర్చున్నాడు. నిజంగానే ఆలోచించాడు. ఎదురుగా ఆయన్ని మీరు అంటాను, మనసులో ఏమంటానో ఆయనకి తెలీదు. ఆ క్షణంలో మనసులో కూడా మీరే అన్నాను, అంత దూరంగా కనిపించాడు.

"అనేవాణ్నే వసూ. 'మరి ఆవిడేరీ' అంటే ఏం చెప్పను? అంతమంది పెద్దవాళ్ల ముందు, బాత్‌రూమ్‌లో అన్నం వండుతోందని చెప్పనా? నీ పరువే కదా పోయేది." నేను స్లైడ్లు పెట్టెలో సర్దడం చూసి ఇంకాస్త మెత్తబడ్డాడు. "అయినా మిన్నెసోటా చలి నీవల్ల కాదు. నీకు సైనస్."

"సైనస్ మీకు."

"ఎవరికైతే ఏంటే, ఇద్దరం ఒక ఇంట్లోనే ఉంటాంగా" అన్నాడు. ఆయన మాటలో ఆవగింజంత కూడా కుట్ర లేదు. కుట్ర ఉంటే ఎంత బాగుండేదో! పట్టుకుని కోసి చూసేదాన్ని.

జూన్‌లో లాబ్ తాళంచెవి టామ్‌కి ఇచ్చేశాను. కాఫీ ఎలా పెట్టాలో కూడా చెప్పాను. అతను రాసుకోలేదు. జూలైలో చికాగో పేపరు అచ్చుకి వెళ్లేముందు చూసుకోమని ఇంటికి పంపారు. వెబర్ ఫోన్ చేసి, "పేరేమైనా మార్చాలంటే ఇప్పుడే మార్చు, రేపు పోస్టు చెయ్యాలి" అన్నాడు.

దామోదర్ అన్నానికి వచ్చే వేళయింది. స్టవ్ మీద పప్పు ఉడుకుతుంటే పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ముదిగొండ వసుమతి అని రాయొచ్చు. ఆ ముదిగొండ కూడా మా నాన్నదే అనుకోండి, కనీసం ఆయన ఎవరికీ శనగపిండి మానెయ్యమని చెప్పలేదు. కానీ అలా రాస్తే వెనకటి మూడు పేపర్లూ శాశ్వతంగా దామోదర్ అనే మగాయనవైపోతాయి. వాటిలో మొదలుపెట్టి నాలుగోదాంట్లో తేల్చిన సంగతిని ఎవరో ముదిగొండావిడ ఆయన దగ్గర కాపీ కొట్టిందనుకుంటారు. అవన్నీ ఒక చోట, ఒకే పేరు కింద ఉంటేనే ఎక్కడో పోలండ్‌లో ఎవరైనా వరసగా చదివి, బాగున్న చోట కూడా కోసి చూస్తారు.

నా పేరు పెడితే పేపర్లు చెదిరిపోతాయి. ఆయన పేరు ఉంచితే నేను పోతాను. పేపర్లు ఉండనీ అనుకుని, ఒక్క అక్షరం కూడా దిద్దకుండా కవరు అంటించాను.