తెల్లని పలుకులు

కొలెస్ట్రాల్ తగ్గించే కొత్త మందు కోసం ఆ కెమిస్టు ఏళ్ల తరబడి తంటాలు పడింది. చిటికెడు చేస్తే బాగానే వచ్చేది. ఎక్కువ చేస్తే జిగురే మిగిలేది. ఆరోజు ఫ్లాస్కును మంచులో పెట్టి, గాజు కడ్డీతో లోపలివైపు గీకగానే మందంతా తెల్లని పలుకులు కట్టింది. నాన్నను నడివయసులోనే పొట్టన పెట్టుకున్న కొలెస్ట్రాల్ జబ్బే అన్నయ్యకూ ఉంది. అతనికి చెబుదామని ఫోను అందుకుంది.

అంతలో మేనేజరు వచ్చి, "ఇక ఆపేయమ్మా. మందు తిన్న ఎలుకలన్నిటికీ లివర్ పాడైంది," అన్నాడు.

ఆమె పలుకులను కరిగించి వ్యర్థాల డబ్బాలో పోసింది.

సాయంత్రం అన్నయ్యే ఫోన్ చేశాడు. "మా చిన్నదానికీ ఆ జబ్బు ఉందటమ్మా. నీ మందు తొందరగా కానియ్యి తల్లీ."

"అది పనికిరాదన్నయ్యా. ఆపేశారు."



"పాపతో మాత్రం అనకు," అన్నాడు అన్నయ్య. "అత్త మందు చేస్తోందని చెప్పాను."