భుజం మీద చెయ్యి పడేదాకా

రఫ్ఫు అత్తకు రెండు విద్యలు వచ్చు. ఒకటి, దుప్పటి ఎక్కడ చిరిగిందో ఎవరికీ తెలియకుండా రఫ్ఫు చేయడం. రెండోది, తప్పు దొరికితే వదలకపోవడం. మొదటిదాని పుణ్యమా అని ఒక పెద్ద లాండ్రీలో పని దొరికింది. రెండోది తెలిసి కూడా పెద్దాయన పిల్లల తరగతి ఆమెకు అప్పగించాడు, వేరే దిక్కు లేక.

పెద్దాయన ఎన్నో ఏళ్లుగా ఆ లాండ్రీ మేడ మీద సూఫీ సాధన నేర్పుతున్న మనిషి. "పిల్లలకు జిక్ర్ ఆటలాగా నేర్పమ్మా. ఊపిరి పీలిస్తే అల్లా, వదిలితే హూ. లోలోపల దేవుణ్ణి తలుచుకోవడం, అంతే. బరువు పెట్టకు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అత్త తలైతే ఊపింది గానీ, ఆయన మెతకతనం ఆమెకు ఏనాడూ రుచించలేదు. మేడ మీద గదిలో ఏడుగురు పిల్లలను వరసగా కూర్చోబెట్టి, పెద్దవాళ్ల నియమమే వాళ్లకూ పెట్టింది.

"కళ్లు మూశాక ఎవరు పిలిచినా పలకొద్దు. నేను పిలిచినా సరే. వచ్చి భుజం మీద చెయ్యి వేస్తేనే లేవాలి. తెలిసిందా?"

ఆ ఏడుగురిలో ఉడత ఒకతె. ఏడేళ్లది, కింద ఇస్త్రీ చేసే ఆమె కూతురు. దానికి కాలూ నిలవదు, నోరూ నిలవదు. లోపల అనుకోవాల్సిన హూ కాస్తా పైకి తన్నుకొచ్చేది. "లోపల! లోపల!" అంటూ అత్త రోజూ ఒక మొట్టికాయ వేసేది. ఒకనాడు పొద్దున్నే విసిగిపోయి, "నీకిది ఈ జన్మకు అబ్బదు. ఎవరికీ కనపడని చోట ఒక్కసారి కదలకుండా కూర్చుని చూపించు, అప్పుడు నమ్ముతా" అనేసింది. అని, కిందికొచ్చి పనిలో పడి, ఆ సంగతే మరిచిపోయింది.

మధ్యాహ్నం అన్నానికి ఉడత రాలేదు.

మేడ మీద లేదు, వాకిట్లో లేదు. అందరూ రోడ్డు మీద పడ్డారు. తల్లి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. అత్త కూడా చెప్పుల్లేకుండా మలుపు దాకా పరిగెత్తింది. అక్కడ, మందుల షాపు ముందు, పొద్దున తానన్న మాట గుర్తొచ్చింది. ఎలా వెనక్కి వచ్చిందో ఆమెకే తెలియదు.

"వదినా, అది ఎక్కడికీ పోలేదు. నేనే కూర్చోమన్నాను" అంది తల్లితో, రొప్పుతూ.

"ఎక్కడ?"

"ఎవరికీ కనపడని చోట."

"ఇంతసేపు అరుస్తున్నానే! పలకదా?"

"పలకొద్దని చెప్పాను."

పక్కనున్న లాండ్రీ మేస్త్రి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పొద్దున ఖాళీ తోపుడు బండ్లన్నీ ఇక్కడే ఉన్నాయి. పదింటికి హోటల్ వ్యాను వచ్చింది. మాసిన బట్టల మూటలు చూసుకోకుండా వాటిలో పడేశాం" అన్నాడు.

గోడ పొడుగునా పద్నాలుగు తోపుడు బండ్లు, మనిషి ఛాతీ దాకా లోతున్నవి, అంచుల దాకా నిండి ఉన్నాయి. ఒక్కో మూట ఎత్తడానికి ఇద్దరు కావాలి. తల్లి మొదటి బండి మీద పడి మూటలు పీకసాగింది. అన్నీ ఖాళీ చేసేసరికి లోపలి ప్రాణం నిలుస్తుందా?

"యంత్రాలు ఆపండి! ఎవరూ మాట్లాడొద్దు!" అని అత్త కేకేసింది.

మేస్త్రి మెయిన్ స్విచ్చు లాగేశాడు. ఇస్త్రీ ఆమె తన ఏడుపు బయటికి రాకుండా పిడికిలి నోట్లో కుక్కుకుంది. అత్త బండి బండికీ చెవి ఆనించింది. తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నాలుగోది. ఆరోది. ఎనిమిదోది. దేవుడా, ఇవాళ ఒక్కరోజు అది నా మాట వినకుండా ఉంటే చాలు అనుకుంది. తొమ్మిదో బండిలో, బాగా అడుగున, సన్నగా వినపడింది.

"హూ..."

అందరూ ఒక్కుమ్మడిగా మూటలు లాగి పారేశారు. ఒక మూట అడ్డంగా ఇరుక్కుని కింద కాస్త ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో ఉడత ముడుచుకుని కూర్చుని ఉంది. జుట్టంతా చెమటకు అతుక్కుపోయింది. కళ్లు మూసే ఉన్నాయి.

"అమ్మలూ!" అంది తల్లి. పిల్ల రెప్పలు అదిరాయి గానీ తెరుచుకోలేదు.

అందరూ అత్త వంక చూశారు. ఆమె వంగి పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. ఉడత కళ్లు తెరిచింది.

"కూర్చున్నా కదా అత్తా?"

తల్లి దాన్ని బయటికి లాగి గుండెలకు అదుముకుంది. "మూటలు మీద పడుతుంటే అరవొద్దుటే? నేనేడుస్తుంటే వినపడలేదా?"

"వినపడింది. నాకూ ఏడుపొచ్చింది. లేస్తే అత్త తిడుతుందని..."

అత్త అడిగింది, ఏదో ఒక్క మంచి మాట వినాలన్న ఆశతో. "ఇంతసేపూ లోపల ఎవర్ని తలుచుకున్నావే తల్లీ?"

ఉడత ఆలోచించలేదు. "నిన్నే అత్తా. ఎప్పుడొస్తావా అని."

ఇస్త్రీ ఆమె కూతుర్ని ఎత్తుకుని అత్త వంక చూడకుండా వెళ్లిపోయింది. అత్త అక్కడే, మాసిన మూటల మధ్య కూలబడి, అందరూ చూస్తుండగానే భోరున ఏడ్చింది.