మొలకెత్తిన విభూతి

విభూతి అయితే తుమ్ములెందుకు వస్తాయన్నది గోవిందస్వామికి ఏళ్ల తరబడి తీరని సందేహం. ఎవరినీ అడగలేదు. దేవుడి సంగతిలో సందేహపడడం తప్పని కాదు, అడిగితే జవాబు వచ్చేస్తుందేమోనని.

ఆ సోమవారం పొద్దున కూడా ఆ సందేహంతోనే అతడు బకెట్టులో తడిగుడ్డ పిండుతున్నాడు. పుంగనూరులో పాత జమీందారీ బంగళాను మ్యూజియం చేసినప్పటి నుంచి అతడక్కడ అటెండరు. వంగి తుడిచి తుడిచి, నిటారుగా నిలబడినా కాస్త వంగినట్టే ఉంటాడు. నుదుట మూడు గీతలు, చెవి సందున తులసాకు, పైగుండీ లేని ఖాకీ చొక్కా. పూటకొకసారి నేల తడిపి తుడవడం, పావురాలు దూరకుండా కిటికీలు బిగించడం, శుక్రవారం బూజు కర్రతో మూలలు దులిపి సాంబ్రాణి వేయడం అతడి పని. ఆ రోజు శుక్రవారం కాకపోయినా సాంబ్రాణి వేశాడు. ఉద్యోగంలో అదే చివరి రోజు. మర్నాడు కుప్పం బస్సెక్కాలి. అక్కడ కూతురు వరలక్ష్మి ఉండే వీధిలోనే చిన్న ఇల్లు బాడుగకు దొరికింది.

పొగ వేసే ఇత్తడి గిన్నె మ్యూజియంది కాదు. నెమలి పిడి ఉన్న ఆ గిన్నెను అతడి భార్య ప్రమీలమ్మ కలికిరిలోని పుట్టింటి నుంచి తెచ్చుకుంది. ఒక్క శుక్రవారానికి ఇమ్మని అడిగి తెచ్చాడు. అప్పటికి వరలక్ష్మి ఇంకా పలక పట్టుకునే పిల్ల. ఆనాటి నుంచి ప్రమీలమ్మ ఇంట్లో మట్టి మూకుడులోనే నిప్పులు పోసి దేవుడికి ధూపం వేస్తోంది. పొద్దున అతడు చెప్పులు వేసుకుంటుంటే మళ్లీ గుర్తు చేసింది.

“కుప్పానికి నువ్వు రాకపోయినా సర్దుకుంటా. నా గిన్నె మాత్రం రావల్ల.”

పెద్దగదిలో జమీందారు గారి నిలువెత్తు నూనెరంగుల పటం ఉంది. మెలి తిప్పిన మీసం, ఎర్ర తలపాగా. ఏటా వానలు పట్టగానే ఆ పటం నుదుటి మీద తెల్లటి పొడి లేచేది. దొరవారు శివభక్తుడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. మొదటిసారి ఆ పొడి చూసి గోవిందస్వామి చేతులు జోడించాడు. బూజు కర్రతో మెల్లగా తట్టి, రాలిన దాన్ని కాగితంలో పట్టి, అడిగినవాళ్లకు చిటికెడు ఇచ్చేవాడు. ప్రమీలమ్మ ఒక్కసారే పెట్టుకుంది. వరసగా తుమ్మి, దొరవారికి తన మీద ఏదో కోపం ఉన్నట్టుందని చెప్పి, మిగిలింది దానిమ్మ చెట్టు మొదట్లో పోసింది.

సోమల నుంచి వచ్చే రాములమ్మ అలా పారబోయలేదు. ఆమె మనవరాలు వెన్నెలకు ఆయాసం. పోయిన ఏటి వానల నుంచి, పటం మీద పొడి ఉన్నన్నాళ్లూ ప్రతి సోమవారం బస్సుకు పిల్లను వెంటబెట్టుకుని వచ్చి, పొడి అడిగి నుదుట పెట్టించి, మిగిలింది కొంగున కట్టుకుపోయేది. ఆమె కోసం కట్టిన పొట్లం ఇప్పుడు కూడా గోవిందస్వామి జేబులో ఉంది.

తేజస్విని వచ్చేసరికి అతడింకా తుడుస్తూనే ఉన్నాడు. ఆమె హైదరాబాదు నుంచి పాత భవనాలలో గాలిని పరీక్షించడానికి వచ్చిన అమ్మాయి. పోయిన వారం తాటిముంజ లాంటి జిగురు పోసిన గాజు పళ్లేలను గదుల్లో కాసేపు తెరిచి ఉంచి, మూతలు పెట్టి, మదనపల్లెలో తను దిగిన లాడ్జికి పట్టుకుపోయింది. గాలిని పళ్లెంలో పడతారా అని గోవిందస్వామి అప్పుడు వారమంతా నవ్వుకున్నాడు. ఈ రోజు ఆ పళ్లేలతోనే వచ్చింది.

“గది నిండా బూజు ఉందండీ, గోవిందస్వామిగారూ.”

అతడి ముఖం వాడిపోయింది. చివరి రోజున వినవలసిన మాట కాదది. బూజు కర్ర తెచ్చి, పైకెత్తి, ఒక్కొక్క మూలా చూపించాడు.

“సూడమ్మా, యాడన్నా ఒక పోగు ఉండాదా? సాలీడు ఈ గదిలో కాపరం పెట్టి ఎన్నేండ్లైందో దాన్నే పిలిపించి అడుగు.”

తేజస్వినికి నవ్వాగలేదు. “ఆ బూజు కాదండీ. ఊరగాయ మీద వస్తుందే, ఆ బూజు.”

పళ్లేలు కిటికీ అరుగు మీద పెట్టింది. వసారాలో ఉంచిన దాంట్లో రెండు మూడు చుక్కలున్నాయి. పెద్దగదిలో ఉంచిన దాంట్లో పచ్చవీ నల్లవీ గుండ్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మూడో పళ్లెంలో తెల్లటి నూగు దూదిలా పొంగి మూతను తాకుతోంది. అది పటం నుదుటి మీది పొడి అనీ, దూదిపుల్లతో అద్దితే వారంలో అంతయిందనీ ఆమె చెప్పింది.

“మొలిసిందా?” అన్నాడతడు.

“మొలిచిందండీ.”

గోవిందస్వామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. విభూతి అంటే అంతా కాలిపోగా మిగిలేది. ఇక కాలడానికీ పుట్టడానికీ ఏమీ లేనిది కాబట్టే శివుడు ఒళ్లంతా పూసుకున్నాడని అతడి నాయన చెప్పేవాడు.

“అయితే ఇది విభూతి కాదు గదమ్మా. విభూతి యాడన్నా మొలుస్తాదా?”

ఆమె తన చదువులో ఆ మాట వినలేదు కాబోలు, పళ్లెం వంక మళ్లీ చూసి, మొలవదని ఒప్పుకుంది. తర్వాత నెమ్మదిగా వివరించింది. తడిగుడ్డ చెమ్మ మూసిన గదిలోంచి పోవడం లేదు. ఆ చెమ్మకే బూజు పడుతోంది. కర్రతో తడితే గాలిలో చేరుతోంది. సాంబ్రాణి వాసనను కప్పుతుందే కానీ బూజును ఆపదు. ఆయాసం ఉన్నవాళ్లు పీలిస్తే ఇంకా ఎక్కువవుతుంది.

అప్పుడే వసారాలోంచి రాములమ్మ గొంతు వినిపించింది.

గోవిందస్వామి జేబు తడుముకున్నాడు. మాట్లాడకుండా పొట్లం ఇచ్చేస్తే రేపటికి తను కుప్పంలో ఉంటాడు. ఆమె దండం పెట్టి పోతుంది. పిల్ల మాత్రం సోమలలో ఎగరొప్పుతూనే ఉంటుంది. మెల్లగా బయటికి వచ్చాడు. రాములమ్మ అప్పటికే చెయ్యి చాపింది.

“ఇది విభూతి కాదు రాములమ్మా. పటానికి పట్టిన బూజు. పాప ఆయాసానికి ఇది శానా చెడ్డదంట.”

ఆమె చెయ్యి అలాగే ఉంచింది. “ఎండాకాలంలో తగ్గింది గదప్పా.”

“ఎండాకాలంలో నేనియ్యలేదు గదమ్మా. అప్పుడు పటం మీద రాదు.”

రాములమ్మ లెక్క వేసుకుంటున్నట్టు నిలబడింది. అవ్వ వెనక నుంచి వెన్నెల, “నేను సెప్తానే ఉండా గదవ్వా, పెట్టుకుంటే తుమ్ములొస్తాయని,” అంది. రాములమ్మ మనవరాలినీ అతణ్నీ మార్చి మార్చి చూసింది.

“బిడ్డకు ఊరగాయ బూజు పూసినావు గదప్పా. ఉప్పూ కారం ఒకటే తక్కువ.”

ముందు తేజస్విని నవ్వింది. తర్వాత రాములమ్మకే నవ్వొచ్చింది. గోవిందస్వామి మొలలోని చిన్న సంచి విప్పి, శివాలయంలో తెచ్చుకున్న విభూతి పిల్ల నుదుట పెట్టాడు. అది కాలిందేననీ, మొలవదనీ నమ్మకంగా చెప్పాడు. మదనపల్లెలో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించమని తేజస్విని చెబితే, రాములమ్మ ఆ రోజే పోతానని బస్సు వేళ అడిగింది.

వాళ్లు వెళ్లాక అతడు ధూపపు గిన్నెను పెరట్లోకి తెచ్చి, పొట్లాన్ని నిప్పుల మీద వేశాడు. కాగితం భగ్గున అంటుకుని, ముడుచుకుని, బూడిదైంది.

“ఇప్పుడైనావు దొరా విభూతి,” అన్నాడు.

మధ్యాహ్నం కిటికీలన్నీ తెరిచారు. పావురాలకు జాలీలు వేయిస్తామనీ, పటాన్ని తెలిసినవాళ్లతో బాగు చేయిస్తామనీ ఆఫీసులో మాటిచ్చారు. సాయంత్రం అతడికి ఒక దండ వేసి, టీ, మిక్చరు పెట్టారు. గోవిందస్వామి గిన్నెలోని బూడిద దులిపి, తువ్వాలులో చుట్టుకుని, తాళంచెవి మేకుకు తగిలించి వీధిలోకి నడిచాడు. ఎవరూ పిలవలేదు, అతడూ వెనక్కి చూడలేదు.

ఇంట్లో ప్రమీలమ్మ మూటలు కడుతోంది. తువ్వాలు విప్పి గిన్నె ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నెమలి పిడిని కొంగుతో తుడిచి, వెలుతురుకు తిప్పి చూసింది.

“వచ్చిందా నీ శుక్రవారం?” అంది. గిన్నె తోమడానికి చింతపండు తేవాలని లోపలికి పోయింది.

బంగళా పెద్దగదిలో ఒక కిటికీకి కొక్కెం లేదు. గాలికి అది మూసుకుపోకుండా, చివర ఒక సాలీడు పోగు వేలాడుతున్న బూజు కర్ర అడ్డుగా నిలబడి ఉంది.