అయిదు గంటల దూరం

నేను ఒక ఫ్రీజరు పెట్టెను. పైన అద్దం, కింద మోటారు, నడుమ ఎవరో ఒకరు. నాలో పడుకున్నవాళ్లెవరూ ఇంతవరకు చలేస్తోందని ఫిర్యాదు చేయలేదు. అంత మర్యాదస్తులు నాకు బతికున్నవాళ్లలో కనబడలేదు.

పుట్టింది రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో. బతుకంతా రాజోలు దగ్గర షామియానా కొట్టులో, వంట గుండిగల పక్కన. ఒంట్లో సత్తువ ఉన్న రోజుల్లో నా చలికి రోహిణి ఎండ కూడా వాకిట్లో ఆగి దుప్పటి అడిగేది. నమ్మకపోతే మానేయండి.

నా పని ఒక్కటే. విమానం దిగేవాళ్లు దిగేదాకా పోయినవాళ్లను ఆపడం. అందుకే మస్కట్టు ఎంత దూరమో, దోహా ఎంత దూరమో నాకు కంఠతా వచ్చు.

ఆ వేసవిలో నన్ను భాగ్యవతి ఇంటికి తీసుకెళ్లారు. ఆమె పొద్దున్నే గుండె ఆగి పోయింది. పుట్టింటి వైపు మిగిలింది ఒక్క తమ్ముడు సూరిబాబు, కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ముత్తయిదువగా పోయిన ఆడదానికి పుట్టింటి చీర కప్పందే ఎత్తరు. ఆ చీర తమ్ముడే తేవాలి.

ఆమె భర్త ధర్మారావు ఫోన్లో చూశాడు. "కువైట్ నుంచి హైదరాబాదుకి మూడు వేల మూడొందల కిలోమీటర్లంట పెదనాన్నా. విమానం అయిదు గంటలే."

"అంతేనేటి! మొన్న అమలాపురం పెళ్లికెళ్లి రాడానికి నాకంతకంటే ఎక్కువే పట్టింది. రానీరా," అన్నాడు గంగరాజు. ఆ ఇంటికి పెద్ద ఆయనే.

ఆ అయిదు గంటలూ పైన ఎగరడానికి. కింది సంగతి ఫోను చెప్పలేదు, వీళ్లు అడగలేదు. డప్పులవాళ్లకు కూడా కబురు పెట్టేశారు.

సాయంత్రం సూరిబాబు ఫోను చేశాడు. "బావా, పాస్‌పోర్టు అరబ్బు దగ్గరుంది. ఆయన ఎడారిలో వేటకెళ్లాడు, ఫోనెత్తట్లేదు. నేనొచ్చేదాకా అక్కనుంచు బావా! చీర ఎప్పుడో కొనుంచాను."

"ఉంచుతాన్రా. నువ్వొచ్చెయ్."

అరబ్బు దొరికి, సూరిబాబు విమానం ఎక్కేసరికి మర్నాడు గడిచిపోయింది. ఇక్కడ కరెంటు పోతూ వస్తూ మిణుకుమిణుకుమంది. నా మోటారు మూలిగి మూలిగి, మాడిన వాసన వేసి ఊరుకుంది. అద్దానికి లోపల చెమట పట్టింది.

"ఇంకెక్కడుంచుతావురా? ఎండ చూడు," అన్నాడు గంగరాజు. "మా ఇంట్లోంచి కొత్త చీరొకటి తెత్తాను. పుట్టింటిదే అనుకుందారి."

"వాడికి మాటిచ్చాను పెదనాన్నా."

"నీ మాట సరేరా. పెట్టెలో పిల్ల మొహం చూడు."

ధర్మారావు చూశాడు. తల ఊపాడు.

సూరిబాబు కారు దిగేసరికి గోదావరి గట్టున పొగ కూడా మిగల్లేదు. వాకిట్లో నేనొక్కదాన్నే ఉన్నాను, తడిగా, ఖాళీగా.

"అక్కేది?" అన్నాడు.

సంచీ విప్పి చిలకపచ్చ పట్టుచీర తీశాడు. మడత విప్పి నా అద్దం మీద పరిచాడు. పసిపిల్లకు దుప్పటి సర్దినట్టు అంచులు సర్దాడు. "ఆలస్యమైందే అక్కా," అన్నాడు, నాతో.

ఇప్పుడు కొట్టు వెనక తుక్కులో పడి ఉన్నాను. పైన విమానం పోయినప్పుడల్లా అందులో ఎవరి తమ్ముడున్నాడో అనుకుంటాను. ఆ చీర ఎండకు వెలిసి ఇంకా నా మీదే ఉంది. ఆ రోజు షామియానావాళ్లు దాన్ని తీయబోతే సూరిబాబు చెయ్యి అడ్డుపెట్టాడు.

పుట్టింటి చీర కప్పందే ఎత్తరని చెప్పాను కదా. కప్పాకే ఎత్తారు, నన్ను.